కాదన్నదెవరు?

"మూడోసారి కూడా కాదనే అంటారా?" అంది వెర్నా కోల్బీ, స్పీకర్లో పెట్టిన ఫోను మీదికి వంగి.

ఫైర్ స్టేషన్‌లో ఇంజన్ని బయటపెట్టి ఆ జాగాలో కుర్చీలు వేశారు. ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. మొదటి వరసలో లయొనెల్ పెల్కీ టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరి రోడ్ల మీద మంచు తీసే బండిని ఊరిచ్చే జీతం మీద పదహారు చలికాలాలుగా నడుపుతున్నది అతనే. ఇప్పుడతని మెడలో, వెన్నెముకను ఆనుకుని క్యాన్సర్ గడ్డ పెరుగుతోంది. మామూలు రేడియేషన్‌తో దాని జోలికి వెళితే చేతులు పడిపోతాయనీ, ప్రోటాన్ కిరణాలే దారి అనీ, అదీ ఈ నెలాఖరులోపే మొదలవ్వాలనీ బోస్టన్ డాక్టరమ్మ తేల్చి చెప్పింది. బీమా కార్డు మీద పేరున్న కంపెనీయేమో, మీకది వర్తించదంటూ ఉత్తరం వెనక ఉత్తరం పంపుతోంది.

ఇవాళ ఆఖరి అప్పీలు. వెర్నా ఊళ్లో కిరాణా కొట్టు నడుపుతుంది. నెల రోజులుగా సరుకుకొచ్చిన ప్రతి మనిషి చేతా కంపెనీకి ఉత్తరం రాయించాకే సంచీ చేతికిచ్చింది. చర్చిలో పాడే ఆడవాళ్లయితే వంతులు వేసుకుని మరీ ఆ కంపెనీకి ఫోన్లు చేశారు. దాని మెడలు వంచుతామన్న నమ్మకం అందరిలోనూ ఉంది, వెర్నాలో మరీనూ.

"చూడు బాబూ, నీ పేరు ప్రెంటిస్ అన్నావు కదూ. ఇక్కడ నూట ఇరవై మందిమి ఉన్నాం. ఎవరికీ ఇవాళ వేరే పని లేదు. నువ్వు పెట్టేస్తే మళ్లీ చేస్తాం."

"పెట్టెయ్యను మేడమ్. అడగండి."

"ఈ చికిత్స అక్కర్లేదన్న మీ డాక్టరెవరో పేరు చెప్పు. అతను ఏ జబ్బుల డాక్టరో కూడా చెప్పు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తమ డాక్టరు అక్కర్లేదనలేదని ప్రెంటిస్ చెప్పాడు. ఈ చికిత్స తప్పనిసరని మొదటి రోజే రాసిచ్చాడట.

వెర్నా ఒంటికాలి మీద లేచింది. "మరి కాదన్నదెవరు?"

"మీరే మేడమ్," అన్నాడు ప్రెంటిస్ మెల్లగా. "కార్డు మీద పేరు మాది, డబ్బు మీ ఊరిది. ఊరి ఉద్యోగుల వైద్యానికి ఊరే ఖర్చు పెడుతుంది. మేం కాగితాలు చూసిపెడతాం, అంతే. దేనికివ్వాలో దేనికివ్వకూడదో మీ ఊరే రాసిచ్చింది. మేం పంపిన ప్రతి ఉత్తరంలోనూ రెండో పేజీలో ఆ మాటే ఉంది."

రెండో పేజీ దాకా ఎవరూ వెళ్లలేదు. మొదటి పేజీకే ఒళ్లు మండిపోయేది.

దాన్ని మార్చే దారేదని అడిగితే ప్రెంటిస్ నీళ్లు నమల్లేదు. ఊరి పాలకవర్గంలో ముగ్గురూ ఒక మినహాయింపు కాగితం మీద సంతకాలు చేసి ఇవాళ పంపితే, రేపు పొద్దున్నే తానే మంజూరు చేస్తానన్నాడు. ఫోను పెట్టే ముందు, ఈ ఊరు గెలవాలని తమ ఆఫీసులో కూడా చాలామంది కోరుకుంటున్నారని చెప్పాడు.

పాలకవర్గం ముగ్గురూ యాపిల్ ముక్కలు కూరిన తీపి రొట్టె పెట్టిన బల్ల దగ్గరే ఉన్నారు. ఒకాయన నోట్లో ముక్క ఇంకా నమలడం కూడా కాలేదు. వెర్నా వాళ్లని చొక్కా చేతులు పట్టుకుని లాక్కొచ్చింది. ఊరి గుమాస్తా థియా అక్కడికక్కడే కాగితం రాసింది. మూడు సంతకాలూ, ముద్రా అయిదు నిమిషాల్లో పడిపోయాయి. లయొనెల్ టోపీతో మొహం కప్పుకున్నాడు. అతని భుజాలు కదిలిపోతుంటే ఊరంతా చూసీ చూడనట్టు ఊరుకుంది.

వెర్నా మాత్రం ఊరుకోలేదు. ఈ నిబంధన పెట్టించిన మహానుభావుడెవరో తేలాలంది. మార్చి నెలలో జరిగే ఊరి సభలో చేతులెత్తి ఓటేస్తే తప్ప ఇలాంటివి రావు. ఓటేసిన ప్రతిదీ థియా పుస్తకంలో ఉంటుంది. ఆఫీసు రోడ్డుకవతలే. వెళ్లి పట్టుకురమ్మంది.

థియా పుస్తకం తెచ్చింది. నాలుగేళ్ల కిందటి పేజీ తీసి, తనలో తను చదువుకుని, మూసేసింది.

"రాత సరిగ్గా కనబడటం లేదు వెర్నా."

"అది నీ రాతే కదే."

థియా లయొనెల్ వైపు చూసింది. లయొనెల్ లేచి వచ్చాడు.

"వదిలెయ్ వెర్నా. నా పని అయిందిగా. రా, ఆ తీపి రొట్టె ఓ ముక్క తిందాం."

"ఎలా వదిలేస్తాను? నీ ప్రాణం మీదికి తెచ్చిన మనిషి ఈ గదిలోనే ఉండుంటాడు. లేచి నీ మొహం చూసి మాట్లాడమను."

ఆవిడ పుస్తకం లాక్కుంది. కళ్లద్దాలు సర్దుకుని, కంపెనీని నిలదీసిన గొంతుతోనే అందరికీ వినబడేలా మొదలుపెట్టింది.

"'పదకొండో తీర్మానం. పన్నులు తగ్గించే నిమిత్తం, ఉద్యోగుల వైద్య పథకం నుంచి ఖరీదైన కొత్త చికిత్సలను తొలగించడమైనది. సభ చేతులెత్తి ఆమోదించింది. ప్రతిపాదించినది...'"

ఆవిడ పుస్తకం మూయబోయింది. లయొనెల్ ఆ పుస్తకాన్ని ఆవిడ చేతుల్లోంచి మెల్లగా తీసుకుని, మిగతాది తనే గట్టిగా చదివాడు.

"'ప్రతిపాదించినది వెర్నా కోల్బీ. బలపరచినది లయొనెల్ పెల్కీ.'"