తప్పుల్లేని పేపరు

"ఇదిగో డాక్టరమ్మా, ఈ రిఫరెన్సులు కాస్త సర్దిపెట్టు. ఈ కామాలూ చుక్కలూ నా వల్ల కాదు" అంటూ పెద్దసారు ఆమె టేబుల్ మీద కాగితాల కట్ట పడేశాడు.

ఆయన ఎముకల విభాగానికి హెడ్డు. ఆమె ఆయన కింద డాక్టరు. మెడికల్ జర్నల్‌కి వెళ్లబోయే ఆ పరిశోధన పేపరు మొదటి పేజీలో ఉన్నది ఒకటే పేరు, ఆయనది. లోపల ప్రతి వాక్యమూ, ప్రతి అంకె కూడా ఆమెదే.

మోకాలి ఆపరేషన్ అయినవాళ్లను పొద్దున నడిపిస్తే త్వరగా కోలుకుంటారా, సాయంత్రం నడిపిస్తేనా అన్నది అందులో సంగతి. నూట పన్నెండు మంది రోగుల వివరాలు, వాటికి పట్టికలు. డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లో ఆమె పెట్టిన ఫైలు ఆయన కళ్లబడింది. అంతే, గుటుక్కున మింగేశాడు. అదేమిటి సార్ అంటే సిగ్గుపడలేదు సరికదా, "నా డిపార్ట్‌మెంట్లో పుట్టిందేదైనా నాదే కదమ్మా!" అని నవ్వాడు.

ఆయనకిది అలవాటే. ఇదివరకోసారి ఆమె రెండేళ్లపాటు వార్డుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, రోగులను బతిమాలి, తిండీ నిద్రా మానుకుని రాసిన పేపరును ఇలాగే నొక్కేశాడు. దాంతోనే హెడ్డయ్యాడు. ఆమెకు రావలసిన ప్రమోషన్ గాలికి కొట్టుకుపోయింది. ఆ రోజు ఆసుపత్రి బాత్రూములో కొళాయి తిప్పి, ఎవరికీ వినబడకుండా ఏడ్చింది. అప్పటినుంచీ ఆయన గొంతు వింటే చాలు, ఒళ్లు భగ్గుమంటుంది.

ఇప్పుడీ పేపరు అచ్చయితే ఆసుపత్రికి ఆయనే డైరెక్టరు. అచ్చు కాకపోతే ఇంకెవరో. కమిటీవాళ్లు మొహమాటం లేకుండా ఆ మాట చెప్పేశారు.

ఆదివారం ఇంట్లో ఆమె ఆ కట్ట ముందేసుకుని కూర్చుంటే, బఠాణీలు ఒలుస్తున్న అక్కకు చిర్రెత్తుకొచ్చింది.

"నీకసలు రోషం లేదటే? వాడు నీ నోటి దగ్గరిది లాక్కుంటే నువ్వు చేతులు కడుక్కోడానికి నీళ్లందిస్తున్నావా? ఆ పేర్లూ అంకెలూ తారుమారు చేసి పడెయ్. పరువు పోయి ఛస్తాడు."

"పోదక్కా. రిఫరెన్సుల్లో తప్పులుంటే జర్నల్‌వాళ్లు లోపల చదవకుండానే తిప్పి పంపుతారు. ఇంకొకరి చేత దిద్దించుకుంటాడు, అంతే."

"అయితే ఊడిగం చేస్తానంటావు?"

"చేస్తాను."

"చెయ్ తల్లీ, చెయ్! నీలాంటి దద్దమ్మలు ఉండబట్టే అలాంటివాళ్లు ఊరేగుతున్నారు" అని అక్క గిన్నె ఠప్పున కింద పెట్టి లేచిపోయింది.

ఆమె పళ్ల బిగువున పని మొదలుపెట్టింది. ఇంటిపేరు ముందు, పొడి అక్షరాలు తర్వాత. మధ్యలో చుక్క ఉండకూడదు. రచయితలు ఆరుగురు దాటితే మిగతావాళ్లంతా 'తదితరులు'. సంవత్సరం పక్కన సెమీకోలన్, ఆ తర్వాత సంపుటం, ఆ తర్వాత పేజీలు. పేపర్లో ఏ రిఫరెన్సు ముందొస్తే జాబితాలో అదే ముందుండాలి. మధ్యలో ఒక పేరా అటూ ఇటూ జరిగిందా, అంకెలన్నీ తలకిందులు, మళ్లీ మొదటికి!

పెద్దసారు ఆ జాబితాలో తన పాత పేపర్లను సందు దొరికిన చోటల్లా దూర్చాడు. మోకాలి పేపర్లో భుజం నొప్పికేం పని? వాటిని ఏరి పారేసింది. రచయితలే తప్పని ఒప్పుకుని వెనక్కి తీసుకున్న పేపరొకటి కనబడింది. దాన్నీ వదల్లేదు, పీకేసి గట్టిదొకటి వెతికి పెట్టింది. కన్నబిడ్డకు జడ వేసినట్టు వేసింది ఆ జాబితాను.

"చూశావా, నువ్వుంటే నాకు దిగుల్లేదు" అన్నాడు పెద్దసారు పేజీలు తిరగేస్తూ. "చివర్లో కృతజ్ఞతలని ఉంటుందిగా, అక్కడ నీ పేరు వేయిస్తాలే."

"వద్దు సార్. అక్కడ కూడా వద్దు."

"మరీ ఇంత మొహమాటమైతే ఎలాగమ్మా!"

"ఇక్కడొక సంతకం కావాలి సార్. రోగులందరినీ మీరే స్వయంగా పరీక్షించారని, అచ్చయ్యాక జర్నల్‌వాళ్లు అడిగితే కేస్ షీట్లు చూపిస్తారని."

"అవన్నీ మామూలేగా" అని ఆయన చదవకుండానే బరబరా గీకేశాడు.

పేపరు అచ్చయింది. ఇంత శుభ్రమైన రిఫరెన్సులు ఈమధ్య చూడలేదని ఎడిటర్ మెచ్చుకున్నాడట. పెద్దసారు డైరెక్టరు కుర్చీ ఎక్కాడు. పూలగుత్తులు, ఫొటోలు, ఉపన్యాసాలు. హాలు బయట వరండాలో ఆమె నిలబడి ఉండగా అక్క ఫోన్ చేసింది.

"ఆ చప్పట్లు నాక్కూడా వినబడుతున్నాయే. కడుపు నిండిందా?"

"ఇంకా లేదక్కా. ఇందాకే జర్నల్‌కి ఒక మెయిలు పెట్టాను, ఊరూ పేరూ లేకుండా. ఆ రోగుల కేస్ షీట్లు ఒకసారి తెప్పించి చూడండని."

"చూస్తే? ఆయనవి ఆయన చూపిస్తాడు. నీకొరిగేదేమిటే పిచ్చిదానా?"

ఆయన చూపించలేడు, ఎందుకంటే ఆ నూట పన్నెండు మందిలో ఒక్కరు కూడా ఈ భూమ్మీద లేరు, పేరూ వయసూ మోకాలి నొప్పీ ఇచ్చి వాళ్లందరినీ పుట్టించింది ఆమే, ఆయన దొంగిలించడం కోసం.