సొరంగంలో తాయారమ్మ

ముందే ఒప్పేసుకుంటాను: ఈ కథలో డిస్కు ఎలా పనిచేస్తుందో చెప్పను, చెబితే మీరు నిద్రపోతారు. వకుళ వాళ్లమ్మ తాయారమ్మ గురించి చెబుతాను.

మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ల జ్ఞాపకాలన్నీ అప్పటికి ఎక్కడో సముద్రపొడ్డున ఒక పెద్ద భవనంలో ఉండేవి. నెట్‌వర్క్ మీద క్షణంలో వచ్చి తలలో వాలేవి. అరకు రైలు సొరంగంలోకి దూరితే మాత్రం నెట్‌వర్క్ తెగేది. కిందటిసారి ఆ చీకట్లో తాయారమ్మ కూతురి చెయ్యి విదిలించుకుని "ఎవులమ్మా నువ్వు?" అంది.

అందుకే ఈసారి వకుళ ఆ జ్ఞాపకాలన్నిటినీ నిమ్మకాయంత డిస్కులోకి దింపి, అమ్మ కొప్పులో ముడిచింది.

"అది పడి పగిలితే? అక్కడైతే నకళ్లుంటాయి. ఇక్కడ అమ్మ మొత్తం పోతాదక్కా!" తమ్ముడు గిరి తల బాదుకున్నాడు.

"నోర్ముయ్‌రా, సొరంగం వచ్చేస్తోంది," అంది వకుళ. అంటూనే అమ్మ కొప్పుకి చెయ్యి అడ్డం పెట్టింది.

చీకటి కమ్మింది. రైలు పెట్టెలో పెద్దవాళ్ల కబుర్లన్నీ మాట మధ్యలో ఆగిపోయాయి.

"ఏటే వకుళా, పల్లీలన్నీ నువ్వే తినేస్తన్నావు? సిన్నప్పట్నుంచీ అంతే నువ్వు."

వకుళకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎదురు సీటు పెద్దాయన చీకట్లో తడుముకుంటూ అడిగాడు: "ఎవరమ్మా మాట్లాడేది? నేనెక్కడున్నాను?"

"రైల్లో ఉన్నారు బాబూ. నేను తాయారమ్మని. నా సెయ్యి పట్టుకోండి, ఎలుతురొచ్చేస్తాది."

రైలు బయటపడేదాకా ఆవిడొక్కతే మాట్లాడుతూ ఉంది. పెట్టె పెట్టెంతా ఆ గొంతునే ఆసరాగా పట్టుకుని చీకటి దాటింది.

మీ ఇంటి పెద్దవాళ్లు చీకట్లో మీతో ఏమంటారో, మీరూ చెప్పండి.