మేనల్లుడి మూడో కోరిక

“మీ మేనల్లుడొస్తున్నాడయ్యా,” అంది కుల్యాష్ కిటికీలోంచి చూస్తూ.

జుమాబెక్ చెయ్యి చప్పున వీపు వెనక్కి పోయింది. చేతిలో కొత్త ఫోను. గుర్రప్పిల్లను అమ్మి పట్నం నుంచి తెచ్చుకుని వారం కూడా కాలేదు. ఎదుటి కొండ మీద మేసే మేకకి గడ్డం ఉందో లేదో ఇంట్లోంచే చెప్పే కెమెరా దానిది. ఈ చుట్టుపక్కల ఏ గొర్రెల కాపరి దగ్గరా అలాంటిది లేదు.

“మదియారేనా? సరిగ్గా చూశావా?”

“మీ అక్కకి ఇంకో కొడుకున్నాడా? ఎక్కొచ్చే గుర్రం కూడా నువ్విచ్చిందే.”

అదే కదా బాధ. మా గడ్డిమైదానాల వైపు మేనమామ ఇంట్లో మేనల్లుడికి మూడు కోరికల హక్కుంది. ఏది అడిగినా మామ కాదనకూడదు. కాదన్న చేయి బతికినన్నాళ్ళూ వణుకుతుందంటారు. మదియార్ మొదటిసారి వెండి జీను అడిగి పట్టుకుపోయాడు. రెండోసారి పందెం గుర్రాన్నే తోలుకుపోయాడు. మూడోది మిగిలే ఉంది.

“ఫోను సంగతి వాడికి ఎవడో మోసేశాడు,” అన్నాడు జుమాబెక్.

“ఎవడో ఏంటి, నువ్వే. ఊరంతా తిరిగి చూపించావుగా. అయినా నీ మొహం చూస్తే గానీ తెరుచుకోదంటివి. తీసుకుపోయి ఏం చేసుకుంటాడు?”

“ఉత్త మొహం చాలదే. కొన్న రోజున సంబరంలో పళ్ళికిలించి చూపించాను. అదే గుర్తుపెట్టుకుంది. నేను నవ్వితేనే తెరుచుకుంటోంది. ఊళ్ళో అందరి ముందూ ఇకిలించే తెరవాల్సొచ్చింది.”

“పోనీలే, ఇన్నాళ్ళకి నిన్ను నవ్వించేదొకటి ఇంట్లోకొచ్చింది,” అంటూ ఆమె పిడకలు తేవడానికి పెరట్లోకి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే జుమాబెక్ వంటింట్లోకి దూరి, పిండిబస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దించి ఫోన్ని పాతేశాడు. పిండి దులుపుకుని, నవ్వు మొహంతో మేనల్లుడికి ఎదురెళ్ళాడు. మా వాళ్ళ పలకరింపులు ఓ పట్టాన తెమలవు. అక్క ఎలా ఉంది, బావ ఎలా ఉన్నాడు, గొర్రెలెలా ఉన్నాయి, గడ్డి ఎలా ఉంది అంటూ ముంగిట్లోనే చాలాసేపు గడిచిపోయింది.

లోపలికొచ్చేసరికి నూనెలో బూరెల్లాంటి బౌర్సాక్‌లు వేగుతున్న వాసన గుప్పుమంది. పిండి కలిపిందన్నమాట. జుమాబెక్ ఒక్క అంగలో అటు ఉరికాడు. వంటింట్లోకి తొంగి చూస్తే కుల్యాష్ నింపాదిగా గరిటె తిప్పుతోంది. పైపైన తీసుంటుందిలే, ఫోను అడుగునుంది అనుకుని స్థిమితపడ్డాడు.

“మామా, వచ్చే నెల్లో నా పెళ్ళి,” అన్నాడు మదియార్ టీ తాగుతూ. “నువ్వూ అత్తా ముందే రావాలి.”

జుమాబెక్ మేనల్లుణ్ణి దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. ఆ సంతోషం దొంగది కాదు.

“ఇంకో మాట. నా మూడో కోరిక మిగిలిపోయింది కదా.”

బౌర్సాక్ గొంతుకి అడ్డం పడింది.

“నువ్వు ప్రాణంగా చూసుకునేది ఒకటుంది నీ దగ్గర. అడగాలంటే మొహమాటంగా ఉంది మామా.”

“నా దగ్గర మొహమాటమేంట్రా, అడుగు,” అన్నాడు జుమాబెక్. కాదనకుండానే చేయి వణుకుతోంది.

మదియార్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. నేలకేసి చూశాడు. చివరికి వేలు గోడవైపు చూపించాడు.

“తాతయ్య చపాన్ ఇప్పించు. పెళ్ళిరోజు అది వేసుకుంటాను.”

గోడ మేకుకి దూది పెట్టి కుట్టిన పాత పొడుగు కోటు వేలాడుతోంది. జుమాబెక్ తండ్రి పోయాక దాన్ని తొడుక్కున్నవాళ్ళు లేరు. జుమాబెక్‌కి కళ్ళనీళ్ళొచ్చాయి. ఇలాంటి పిల్లాడి దగ్గరా నేను ఫోను దాచింది అని సిగ్గేసింది. దాచినందుకు కాస్త హాయిగానూ ఉంది.

కోటు తనే తీసి మేనల్లుడి భుజాలకి కప్పాడు. “కోటూ, దాన్ని అంటిపెట్టుకున్న ప్రతిదీ నీదే. ఇచ్చింది మళ్ళీ అడిగితే నేను నీకు మామనే కాదు.”

అప్పుడే టీ కూజాతో వచ్చిన కుల్యాష్ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. “అయ్యో, ఆ కోటు...”

జుమాబెక్ కళ్ళతోనే గదమాయించాడు. “ముసలి కోటుక్కూడా ఏడుస్తావేంటే?”

ఆమె కూజా వంచి టీ పోసింది.

మదియార్ గుర్రం మలుపు తిరగడమే ఆలస్యం, జుమాబెక్ తొడ చరుచుకుంటూ వంటింట్లోకి పరిగెత్తాడు. పిండిలోకి మోచేతి దాకా దించాడు, భుజం దాకా దించాడు. చివరికి మీసాలతో సహా మనిషంతా తెల్లబడ్డాడు గానీ ఫోను లేదు.

“చెప్పబోతే గదిమావుగా,” అంది కుల్యాష్. “పిండి తీయబోతే చేతికి తగిలింది. దాని చిల్లుల్లోకి పిండి పోతుందని శుభ్రంగా తుడిచాను. ఎవరూ ముట్టుకోని చోట దాద్దామని...”

ఆమె చూపు గోడకున్న ఖాళీ మేకు మీద ఆగిపోయింది.

జుమాబెక్ ఆమె పాత ఫోను లాక్కుని తన నంబరు నొక్కాడు. అవతల గాలి హోరు, గుర్రం సకిలింపు.

“మామా,” అన్నాడు మదియార్. “ఇప్పుడే జేబులో చెయ్యి పెట్టాను. ఫోను అడుగు, ఫోను అడుగు అని స్నేహితులంతా పోరారు. గుర్రప్పిల్లను అమ్మి కొన్నది ఎలా అడగను, తాత కోటు చాలనుకున్నాను. నువ్వేమో నా మనసు కనిపెట్టి, చెప్పకుండా పెట్టి పంపావా? నీలాంటి మామ ఎవరికుంటాడు?”

జుమాబెక్ మీసాలకంటిన పిండి తుడుచుకున్నాడు. పక్కన కుల్యాష్ తలగుడ్డ నోట్లో కుక్కుకుని, నవ్వాపుకోలేక గోడకి చేరగిలబడింది.

“అల్లుడూ, అదీ...”

“ఒక్కటే చిక్కు మామా. నువ్వు నవ్వితే గానీ ఇది తెరుచుకోదటగా. గుర్రాన్ని వెనక్కి తిప్పాను. గుమ్మంలోకొచ్చి కాస్త నవ్వుతూ నుంచో.”