కడపంక్తి

పెద్దాయన మూడోసారి ఫోన్ కంపెనీ ఆఫీసుకి వచ్చేసరికి ఇంజనీరమ్మకి ఒళ్లు మండింది.

"మళ్లీ ఏంటి బాబాయిగారూ?"

"కొండవాలు వీధిలో వీడియో కాల్ ఇవాళా ఆగిపోయిందమ్మా. అక్కడి ఆరోగ్య కేంద్రం నర్సు ఓ పసిపాప కన్ను పట్నం డాక్టరుకి చూపిస్తోంది. సగంలో బొమ్మ బిగుసుకుపోయింది."

"ఆ వీధి టవర్‌కి దూరం. అంతే."

"దూరమైతే ఏమవుతుందమ్మా?"

ఆ గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలన్న ఆరాటమే ఉంది. ఆమె కాస్త మెత్తబడి, కంప్యూటర్ ఆయన వైపు తిప్పింది.

"టవర్ ప్రతి సెకనునీ వెయ్యి ముక్కలు చేసి ఫోన్లకి పంచుతుంది. సిగ్నల్ బాగున్నవాళ్లకే ముందు. వాళ్ల పని చిటికెలో అయిపోతుంది కదా!"

"ఎవరు ఎంతసేపటి నుంచి కాచుకున్నారో చూడదా?"

"మా టవర్ చూడదు. మొత్తం మీద స్పీడు ఎక్కువ కనిపించాలని అలా పెట్టాం."

"వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అంటారు. మీ టవర్‌కి ఆ పంక్తిలో చుట్టాలెవరూ లేనట్టుందే!"

ఆమెకి నవ్వొచ్చింది. బలవంతాన ఆపుకుంది.

"కొసనున్నవాళ్లకి పెంచితే టవర్ పక్కవాళ్లకి కోత పడుతుంది. మీ ఒక్క వీధి కోసం వాళ్లందరి చేతా నన్ను తిట్లు తినమంటారా?"

"ఎంత కోత?"

ఆ లెక్క ఆమె ఎన్నడూ చూసుకోలేదు.

"తీరిగ్గా చూసి చెప్పమ్మా" అని ఆయన లేచి వెళ్లిపోయాడు.

ఆ ప్రశ్న ఆమెని జోరీగలా వెంటాడింది. వారం తిరక్కుండా పై అధికారిని ఒప్పించి, కాచుకున్న సమయాన్ని కూడా టవర్ చూసేలా వరస మార్చింది.

టవర్ పక్కవాళ్ల స్పీడు పదోవంతు తగ్గింది. కొండవాలు వీధిలో రెట్టింపయింది.

'ఇంతేనా!' అనుకుంది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ తనకెందుకు తట్టలేదో అర్థం కాలేదు.

ఈ మాట పెద్దాయన చెవిన వేయాలని పది రోజులు ఎదురుచూసింది. ఆయన రాలేదు. చివరికి తనే కొండవాలు వీధికి బయల్దేరింది.

ఆరోగ్య కేంద్రంలో ఆమె ఎవరో తెలియగానే నర్సు ఎదురొచ్చింది. "బొమ్మ ఇప్పుడు ఆగట్లేదండీ! నిన్న డాక్టరుగారు పాప కన్ను నిదానంగా చూసి మందు మార్చారు."

"మీ పెద్దాయన పుణ్యమే. ఎక్కడున్నారు?"

నర్సు ముఖం వాడిపోయింది. "పోయారండీ. మీ ఆఫీసుకి వచ్చివెళ్లిన మర్నాడే. గుండెపోటు."

ఇంజనీరమ్మ అక్కడి బల్ల మీద కూలబడింది.

"పోనీ, వాళ్లింట్లో వాళ్లకైనా చెబుతాను. ఈ వీధిలో ఏ ఇల్లు?"

"ఆయనది ఈ వీధి కాదండీ, నడక కోసం ఇటొచ్చి మా దగ్గర కాసేపు కూర్చునేవారు... ఇల్లు మీ టవర్‌ని ఆనుకునే ఉంటుంది."