ఆడోళ్ల మ్యాపు

"నీకు దండం పెడ్త రజనీ, గా మ్యాపు తీసెయ్యే!"

హవల్దార్ రాజమల్లు సెలవు మీద ఆర్మూర్ వచ్చాడు. సంచి దించేలోపే భార్య రజని ఫోన్ మోగింది. స్పీకర్లో కెప్టెన్ రఘునందన్ మండిపడుతున్నాడు. సరిహద్దులో వాళ్ల యూనిట్ ఎక్కడుందో, గేటు ఏ మలుపులో ఉందో సహా ఇంటర్నెట్‌లో ఒక మ్యాపులో ఉంది. ఎవరైనా చూడొచ్చు. ఫోన్ నంబరిస్తే ఎవరైనా దిద్దొచ్చు. మొదలుపెట్టింది రజని.

"మీకు చెప్పిందెవరమ్మా?"

"ఎవ్వలు చెప్పలే సార్." రజని పసుపు కొమ్ములు తిరగేస్తూనే ఉంది. "పసుపు రేటు సేట్లు చెప్తరా? తన పసుపు ఎంతకు అడిగిన్రో ఒక్కో రైతు గ్రూపుల పెడితే అసలు రేటు తెలుస్తది. మేం గట్లనే చేసినం."

"అంటే?"

"ఈయన పెదాలు పగుల్తున్నయన్నడు. నందిపేట భాగ్యవ్వ పెనిమిటి చూద్దామంటె చెట్టు లేదన్నడు. మెండోర అంకిత మొగడు పొద్దంత ఏరు మోతే అన్నడు. అన్నీ ఒక్కకాడ పెడితే జాగ దొరికింది."

"నా ప్రమోషన్ పాయె!" రాజమల్లు తల పట్టుకున్నాడు. "ఎల్లుండే బోర్డు!"

"గేటు మలుపు కూడా పగిలిన పెదాలే చెప్పాయా?"

రజని చెయ్యి ఆగింది.

"అది... ఒకామె దిద్దుతది సార్. మేం తప్పు పెడితే సరిజేస్తది. పేరు చెప్పదు. పాపం, కొత్తకోడలనుకుంట. పెద్దోళ్లు ఒక్క ముచ్చట చెప్పరట. తర్వాత ఎక్కడికి పంపుతరో మీకు తెలిస్తె జర చెప్పున్రని మమ్ముల్నే అడుగుతది."

"నంబరు చెప్పండి."

"దాని సంసారం ఆగమైతది సార్."

"చెప్పకపోతే మీ ఆయన ప్రమోషన్ ఆగమవుతుంది."

రజని భర్త ముఖం చూసింది. నిట్టూర్చి, ఫోన్లో వెతికి, అంకెలు చదవసాగింది. రాజమల్లు తన ఫోన్లో ఒక్కొక్కటే నొక్కాడు. చివరి అంకెకు తెరమీద పేరు వచ్చింది.

లుంగీలోనే అతని మడమలు వాటంతటవే దగ్గరికి చేరాయి. చెయ్యి నుదుటిదాకా పోయింది.

"ఏంది, దయ్యం పట్టిందా?" అంది రజని.

"హవల్దార్! గట్టిగా చెప్పు! ఎవడి పెళ్లాం అది?"

"పెళ్లాం కాదు సార్, మన కర్నల్ సాబ్."