పీహెచ్‌పీ మంచిచెడ్డలు

"మీ రిపోర్టు మీరే చదవండి మాస్టారూ. ముందు చెడ్డే కానివ్వండి," అంది మేనేజరు.

పదేళ్ల కిందట ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని పీహెచ్‌పీ అనే ఆ కంప్యూటరు భాష నేర్పింది ఆయనే. కంపెనీ వెబ్‌సైటు మొత్తం ఆయన అందులోనే రాశాడు. దాన్ని ఉంచాలా, కొత్త భాషలో తిరగరాయించాలా అన్నది ఇవాళ తేలిపోవాలి.

"తప్పు రాసినా ఈ భాష కసరదు, ఊరుకుంటుంది. అందుకే పాత కోడంతా చిక్కుపడిపోయింది. నాకు తప్ప ఇంకొకళ్లకి అర్థమయ్యేది కాదు," అని ఒప్పుకున్నాడాయన. "ఆర్నెల్లు కూర్చుని ఆ చిక్కంతా విప్పాను. ప్రతి ఫైలుకీ వివరణ కూడా రాసిపెట్టాను."

"మరి మంచి?"

ఆయన గొంతు లేచింది. "ఏ సర్వర్లోనైనా నడుస్తుంది. కాస్త బుర్ర ఉన్నవాళ్లెవరైనా నెలలో నేర్చేసుకుంటారు. దాన్ని తీసెయ్యొద్దమ్మా."

"తీసెయ్యడం లేదు. పీహెచ్‌పీనే ఉంచుతున్నాం."

"బతికించావు తల్లీ!" ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆమె ఒక కవరు ముందుకు జరిపింది. "మీరు మాత్రం ఈ నెలాఖరు దాకానే. పైవాళ్లు రిపోర్టు నిన్ననే చదివారు. నెలలో వచ్చే విద్యకి ఇంత సీనియర్ ఎందుకని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"నిజమేనన్నాను."

ఇన్నేళ్లూ తనకు అన్నం పెట్టింది ఆ భాషలోని మంచి కాదనీ, తాను పనిగట్టుకుని విప్పేసిన ఆ చిక్కేననీ ఆయనకు అప్పుడు అర్థమైంది.

"పాస్‌వర్డులు చెప్పండి మాస్టారూ, రాసుకుంటాను," అంది ఆమె.