ఎండే సబ్బుకు పాఠం

"మళ్లీ మర్చిపోయాను బిడ్డా," అన్నాడు హాజ్ మునీబ్, కంప్యూటర్ ముందు కళ్లజోడు తుడుచుకుంటూ.

రుబా విసుక్కోకుండా కుర్చీ దగ్గరికి లాక్కుంది. నాబ్లస్ పట్టణంలోని ఆ సబ్బుల ఫ్యాక్టరీలో గోదాము బాధ్యత ముప్పై ఏళ్లుగా మునీబ్‌ది. రుబా ఆఫీసులో తాత్కాలిక గుమాస్తా. యజమాని అబూ వస్ఫీ సరుకు చూసుకోవడానికి కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాడు. నెలాఖరుకు స్టాకంతా అందులో ఎవరు చూపిస్తే గోదాము వాళ్లదని, రెండోవాళ్లు ఇంటికేనని తేల్చి చెప్పాడు. ఆడమనిషికి గోదామేమిటని నవ్వాడు కూడా. మునీబే గెలుస్తాడని ఆయనకు ధీమా. రుబా భర్తకు సరిహద్దు దాటి పనికెళ్లే పర్మిట్ ఆగిపోయి ఆరు నెలలైంది. ఈ ఉద్యోగం పోతే ఇల్లు గడవదు.

పోటీకి నిలబడ్డవాడికే పాఠాలు వెతికిపెట్టడం ఎంత తెలివితక్కువో ఆమెకు తెలుసు. అయినా పెద్దాయన అడిగితే కాదనలేకపోయింది. ఇంగ్లీషు వీడియోలు ఇద్దరికీ కొరుకుడు పడలేదు. ఒక మొరాకో ఆయన అరబీలోనే చెప్పాడు గానీ, నాబ్లస్ వాళ్లకు ఆ అరబీ అర్థం కావాలంటే మధ్యలో ఇంకో మనిషి కావాలి. చివరికి ఈజిప్టు మాస్టారొకాయన దొరికాడు. ఆయనవన్నీ సైకిళ్ల ఫ్యాక్టరీ ఉదాహరణలు.

మునీబ్ రోజుకో కొత్త సందేహం తెచ్చేవాడు. ఆమె రెండుసార్లు చూసి, నేర్చుకుని, ఆయనకు చెప్పేది. తెల్లారేసరికి ఆయన మర్చిపోయేవాడు.

"సైకిల్ ఎండుతుందా? మన సబ్బు ఎండుతుందిగా," అన్నాడొక రోజు. "గోపురంలా పేర్చిన వంద కిలోలు మూడు నెలలకి ఎనభై అయిదు అవుతాయి. మిగతాది నేనే మింగేశానంటుంది ఈ మెషీను. దానికి పాఠం ఎక్కడుందో చూడు."

నాలుగు రోజులు వెతికింది. ఇంటర్నెట్‌లో ఎక్కడో ఒక చీజ్ తయారీదారు సరిగ్గా ఇదే అడిగాడు. చీజ్ కూడా ఎండుతుంది. అతనికి ఎవరో ఇచ్చిన జవాబు పట్టుకుని, సబ్బు బరువు నెలనెలా దానంతటదే తగ్గేలా అమర్చింది. మునీబ్ తలాడించాడు. మర్నాటికి అదీ మర్చిపోయాడు.

నెలాఖరున అబూ వస్ఫీ మొదట మునీబ్‌నే కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టాడు. ఆయన వేలు కాసేపు అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది.

"నా వల్ల కాదు అబూ వస్ఫీ. ఆ పిల్లనడుగు."

రుబా అన్నీ చూపించింది. నమ్మకం కుదరక యజమాని ఒక గోపురం విప్పించి తూకం వేయించాడు. సరిపోయింది. ఈసారి నవ్వకుండా తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నమంతా రుబా తన పొట్ట కోసం పెద్దాయన పొట్ట కొట్టానని కుమిలిపోయింది. ఎలాగైనా ఆయనకు ఈ పని నేర్పించి, తనకు తోడుగా ఉంచుకోమని యజమానిని బతిమాలాలనుకుంది. సాఫ్ట్‌వేర్ అమ్మిన రామల్లా ఆఫీసుకు ఫోన్ చేసి, ఎంత చెప్పినా బుర్రకెక్కని పెద్దవాళ్లకు తేలిక పాఠాలేమైనా ఉన్నాయా అని అడిగింది. ఎవరి కోసమని అడిగితే హాజ్ మునీబ్ పేరు చెప్పింది. అవతలి మనిషి ఆ పేరు మళ్లీ అడిగి రూఢి చేసుకున్నాడు.

"ఈ సాఫ్ట్‌వేర్ నేర్పి మేం పెట్టిన పరీక్షలో ఫస్ట్ వచ్చింది ఆయనేనమ్మా."